అందింపులమ్మ చావు వేషం

"అదేనమ్మా, రాత్రిపూట వేసుకుంటానే... తెల్లగా, చిన్నగా... దేనికంటే..." మందుల షాపు ముందు ముసలాయన నుదురు గోక్కుంటున్నాడు.

"నిద్రకి," అని అందించిందామె అలమార వైపు తిరుగుతూనే. "డాక్టరు చీటీ ఇటివ్వండి."

ముసలాయన బతికిపోయినట్టు నవ్వాడు. వెనకున్నావిడ నోరు తెరవకముందే "పిల్లాడికా, మీకా?" అనేసింది. ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు. అలవాటు అలాంటిది మరి. పగలు మందులమ్మినా, సాయంత్రమైతే అక్క భర్త నడిపే నాటక సమాజంలో తెర పక్కన స్టూలు మీద కూర్చుని నటులకు మాటలు అందించేది ఆమే. పొట్టి మనిషి. పాతికేళ్ళుగా స్టేజీ వైపు వంగి వంగి మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది. హీరో చెవిని దాటి మొదటి వరుసదాకా కూడా పోని గుసగుస ఆమెది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆమె అందింపులమ్మే.

అంత చిన్న ఊళ్ళో నాటకాలాడి పొట్ట పోసుకోవడం ఎవరి తరం? బావగారికి ఫర్నిచర్ షాపుంది. ఆదివారం స్టేజీ మీద రాజుగారు కూర్చున్న సోఫా సోమవారం మళ్ళీ అమ్మకానికొచ్చేది. హీరో బీమా ఏజెంటు. బజార్లో పట్టుకున్నాడంటే పాలసీ రాయించేదాకా ఊపిరి పీల్చుకోనివ్వడు, లైటు పడితే మాత్రం ఒక్క ముక్క గుర్తుండదు. పదేళ్ళుగా అతని నాలుక మీద ఉన్నవన్నీ ఆమె మాటలే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటకి, అమ్మ వేషం వేసే టీచరమ్మ గొంతు పూర్తిగా పోయింది. బావగారు పొద్దున్నే మందుల షాపుకి పరిగెత్తుకొచ్చారు.

"మరదలా, అమ్మ వేషం నువ్వే వెయ్యాలి."

ఆమె చేతిలో సీసా జారబోయింది. ఎన్నాళ్ళ కోరిక! నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడి, వంటింట్లో గరిటె పట్టుకుని అందరి వేషాలూ ఒక్కతే వేసుకున్న మనిషి.

"నిజంగానా బావగారూ? నేను చెయ్యగలనంటారా?"

"చేసేదేముంది? నాలుగు ముక్కలు మాట్లాడి చచ్చిపోతావు. తర్వాత హీరో ఏడుపు ఉందిగా, పెద్ద సీను. నువ్వు గోడ వైపు తిరిగి చచ్చిపోయి, అక్కడి నుంచే వాడికి మాటలు అందించు. ఒక్క మనిషితో రెండు పనులూ అయిపోతాయి!"

ఆమెకు ప్రాణం ఉసూరుమంది. వేషమిచ్చింది నటిస్తుందని కాదన్నమాట, శవానికి నోరు ఖాళీగా ఉంటుందని! అయినా తలూపింది. ఈ ఒక్కసారి బాగా చేస్తే మళ్ళీ పిలుస్తారేమోనని ఆశ.

వెంటనే ఇంటికెళ్ళి మంచం మీద చావడం మొదలుపెట్టింది. వాచీలు బాగుచేసే భర్త కంటికి భూతద్దం పెట్టుకునే చూశాడు.

"ఎలా ఉందండీ?"

"చచ్చినట్టు లేదే. పప్పులో ఉప్పు వేశానో లేదో అని ఆలోచిస్తున్నట్టుంది."

నిజమే, ఆలోచిస్తోంది. ఆటకి తనూ వస్తానన్నాడాయన. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు, వచ్చినా చూడ్డానికి ఆమె ఎక్కడ కనబడింది గనక?

హాలు సగం నిండింది. నాలుగు మాటలూ తడబడకుండా చెప్పింది. కొడుకు వేషంలో ఉన్న హీరో చెయ్యి పట్టుకుంది, ఊపిరి ఎగబీల్చింది. అప్పుడు, ఎందుకో తనకే తెలియదు, గోడ వైపు తిరగాల్సిన మనిషి జనం వైపు తిరిగి కళ్ళు మూసింది.

ఇంక పెదవి కదిపితే హాలంతా చూస్తుంది.

హీరో "అమ్మా!" అన్నాడు. ఆగాడు. మళ్ళీ "అమ్మా!" అన్నాడు. వంగి చెవిలో, "అక్కా, తర్వాతేంటి?" అన్నాడు. తర్వాతి మాట ఆమె నాలుక చివరే ఉంది. పాపం, జాలేసింది. చెప్పేద్దామనిపించింది. పళ్ళు బిగబట్టింది. చచ్చినవాళ్ళు మాట్లాడరు, అంతే.

హీరో మోకాళ్ళ మీద కూలబడి, ఆమె భుజం పట్టి కుదిపి, ఏం చెయ్యాలో తోచక భోరుమన్నాడు. అది నటన కాదు, అచ్చమైన భయం. హాల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు.

ఇంతలో మూడో వరుసలోంచి "ఏమేవ్!" అని కేక. భర్త కుర్చీలు తోసుకుంటూ స్టేజీ ఎక్కేశాడు. "ఒసేయ్, లేవవే! ఎవరైనా డాక్టర్ని పిలవండయ్యా!" అంటూ ఆమె చెంపలు తట్టాడు. జనం అదీ నాటకమేననుకుని లేచి చప్పట్లు కొట్టారు. బావగారు కంగారుగా తెర దించేశారు.

ఆమె ఒక కన్ను తెరిచింది. "చావలేదండీ, నటిస్తున్నా."

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. చెంపల నిండా నీళ్ళు. "ఎదుటివాడు మాట దొరక్క అంతలా అల్లాడుతుంటే, నువ్వు బతికుండి ఊరుకుంటావా? పోయావనే అనుకున్నానే!"

ఆమెకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన తన కోసం ఏడవగా చూసింది.

బావగారు మాత్రం నిప్పులు తొక్కిన కోతిలా ఉన్నారు. "ఎందుకు అందించలేదు? కొంప ముంచేదానివి కదా! రేపట్నుంచి నీ స్టూలు మీద నువ్వు కూర్చో. శవానికి ఎవరైనా సరిపోతారు."

"సరిపోరు బావగారూ," అందామె నెమ్మదిగా. "నాతో కాపురం చేసిన మనిషే నమ్మాడు. ఇంతకన్నా ఏం చేసి చూపించను? మళ్ళీ వేషముంటే కబురు పెట్టండి, వస్తాను. స్టూలుకి మాత్రం ఇంకెవరినైనా చూసుకోండి."

"ఏంటీ? పోతావా? మరి వాడికి... వాడికి మాటలు ఎవరు..." బావగారికి మాట అందలేదు.

ఆమె అందించలేదు. భర్త చెయ్యి పట్టుకుని స్టేజీ దిగి, ఖాళీ కుర్చీల మధ్య నుంచి, ప్రేక్షకులు వెళ్ళే పెద్ద గుమ్మంలోంచే ఎండలోకి నడిచింది.

వెనకాల, స్టేజీ మీద ఆమె చచ్చిపోయిన మంచం సర్దడానికి వచ్చిన బావగారు "అయ్యో!" అన్నారు. షాపుకి తిరిగి వెళ్ళాల్సిన కొత్త దిండు మధ్యలో, జుట్టు నెరిసినట్టు కనబడాలని ఆమె పూసుకున్న తెల్ల పౌడరు ఒక తలంత మేర అంటుకుని ఉంది. కర్చీఫు తీసి గట్టిగా తుడిచారు, మరక ఇంకాస్త పెద్దదైంది.