కిటికీలో నిలబడే మనిషి

తెల్లారి లేవగానే ఆవిడ దుప్పటి దులిపి, మూలలు లాగి, పక్క సర్దేసింది. సర్దాక గానీ గుర్తు రాలేదు, ఇది తమ ఇల్లు కాదని, రెండు రోజులకి తీసుకున్న అద్దె గది అని. కుర్చీలో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్న ఆయన తెగ మురిసిపోయాడు.

"మంచిదేలే, చేతికి అలవాటు తప్పకూడదు. రేపు ఇలాంటివి ఆరు గదులు మరి!"

ఈ కొండ ఊరి మీద ఆయనకి ముప్పై రెండేళ్ళ నాటి మోజు. పెళ్ళయిన కొత్తలో ఓ సినిమాకి తీసుకెళ్ళాడు. అందులో రాతి మెట్ల వీధి, పొగమంచు, పసుపురంగు కిటికీ, ఆ కిటికీలో టీ కప్పు పట్టుకుని ప్రియుడి కోసం ఎదురుచూసే హీరోయిన్. మూడు గంటల సినిమాలో ఆ పిల్ల ఒక్క కప్పయినా కడిగిన పాపాన పోలేదు. ఆ మాట అప్పుడే పైకి అంటే, "నీకు బొత్తిగా కళాదృష్టి లేదు" అన్నాడు. ఆ సినిమా పుణ్యమా అని ఊరు పేరుకెక్కింది. మెట్ల మీద ఫోటోల కోసం జనం బారులు తీరుతున్నారు. మొన్ననే రిటైరైన ఆయనకి సరిగ్గా ఆ కిటికీ ఇంటి పక్కనే మరో పాత ఇల్లు లీజుకి దొరికింది. "వచ్చినవాళ్ళకి గదులిద్దాం. నేను వాళ్ళతో మాట్లాడతా. నువ్వు ఇంత వండి పడేస్తే సరి. ఎలాగూ ఊరికే ఉండేదానివేగా!" ఫోన్లో పెద్దాడు "సూపర్ నాన్నా" అన్నాడు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. కాదనదని అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు, ఆవిడ భయమంతా అదే.

ఆ "ఊరికే ఉండడం" సంగతి ఇదీ. అత్తగారు పోయి, చిన్నదాని పెళ్ళయ్యాక, యాభై ఆరేళ్ళ వయసులో ఆవిడ ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరింది. వాకింగ్ అని చెప్పి వెళ్ళి తడి జుట్టుతో తిరిగొస్తోంది. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఒక్కరూ కనిపెట్టలేదు. వెల్లకిలా తేలితే చెవులు నీళ్ళలో మునుగుతాయి, ఇక ఎవరు పిలిచినా వినపడదు. ఆ నలభై నిమిషాల కోసం ఆవిడ మిగతా రోజంతా నెట్టుకొస్తోంది. ఇప్పుడు అవి కూడా ఆ ఆరు గదుల్లోకి పోతాయి.

వాళ్ళు దిగింది ఆ కిటికీ ఉన్న ఇంట్లోనే. మధ్యాహ్నం ఆయన హాల్లో ఇంటాయనతో షూటింగు కబుర్లలో పడితే, ఆవిడ వెనక గదిలోకి వెళ్ళింది. ఇంటావిడ తడి దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె అదిమి ఆవిర్లు లేపుతోంది.

"ఆరవా?"

"మూడ్రోజులైనా ఆరవు వదినగారూ. మబ్బులు ఇంట్లోకొస్తాయి. చూసేవాళ్ళకి అందం, నాకు తడి."

ఆవిడ చేతులు వాటంతట అవే దుప్పటి రెండో కొస అందుకున్నాయి.

"అయ్యో, మీరు అతిథులు, కూర్చోండి!"

"అతిథినేం కాదులెండి, ట్రైనింగుకొచ్చాను."

ఇంటావిడ పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "పక్కిల్లు తీసుకునేది మీరేనా?"

"ఆయన."

"మా ఆయనా అలాగే తీసుకున్నాడు, పదకొండేళ్ళయింది. ఈ మెట్లు చివరిసారి ఎప్పుడు దిగానో మాత్రం అడక్కండి."

బల్ల మీద అతిథులు రాసే పుస్తకం ఉంది. ఆవిడ తిరగేసింది. ఇంటాయన ఆతిథ్యం మరువలేనిది. ఇంటాయన కబుర్లు అద్భుతం. ఓ పేజీలో ఎవరో దయగలవాళ్ళు, వేడినీళ్ళు సమయానికి వచ్చాయి అని రాశారు. నీళ్ళు వాటంతట అవే వేడెక్కి నడిచొచ్చినట్టు.

"ఏమే, నాలుగైంది! కింద జనం వచ్చారు!" హాల్లోంచి ఇంటాయన కేక.

ఇంటావిడ చేయి తుడుచుకుని, కొక్కేనికున్న ఎర్ర శాలువా కప్పుకుని, ఖాళీ కప్పు ఒకటి పట్టుకుని, వీధి వైపు గదిలోకి వెళ్ళి ఆ పసుపురంగు కిటికీలో నిలబడింది. కింద ఫోన్లు లేచాయి. సినిమాలో ముందు నుంచి చూపించినదాన్ని ఆవిడ ఇప్పుడు వెనక నుంచి చూసింది: పగిలిన మడమ, దాని మీద బరువు పడకుండా వంగిన కాలు, నడుముకి అదిమిపెట్టుకున్న రెండో చేయి.

"కప్పులో టీ పోసుకోకూడదూ?"

"పోసుకుంటే తాగాలనిపిస్తుంది వదినా," అంది ఇంటావిడ, తల తిప్పకుండా.

మర్నాడు పదింటికి మున్సిపల్ ఆఫీసు. ఇలా గదులిచ్చే ఇళ్ళకి అనుమతి అక్కడ కాపురం ఉండే ఇల్లాలి పేరు మీదే ఇస్తారట. "చూశావా, ఓనరమ్మవి నువ్వే!" అన్నాడాయన. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని ఫారం నింపడం మొదలుపెట్టాడు.

"గదులెన్ని?"

"ఆరండీ."

"పనిచేసేవాళ్ళు?"

"ఎవరూ లేరండీ. అంతా మా ఆవిడే చూసుకుంటుంది."

గుమాస్తా ఆ గడిలో గుండ్రంగా సున్నా చుట్టి, ఫారం ఆవిడ వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

ఆవిడ ఆ సున్నాని కాసేపు చూసింది. కోపం వస్తుందేమో అనుకుంది, రాలేదు. ఎవరో తన కొలత సరిగ్గా తీసి, కాగితం మీద గీసిచ్చినట్టు అనిపించింది.

"సరిగ్గానే వేశారండీ," అంది. "ఎవరూ లేరు. నేనూ ఉండను."

"మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ," అని ఆయన గుమాస్తా వైపు చూసి నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు.

"ఇల్లాలు ఉండకపోతే అనుమతి రాదు సార్."

ఆవిడ పెన్ను ఫారం మీద పెట్టింది. "మీరు ఉండాలంటే ఉండండి. మీకిష్టమైన ఊరు, కాదనను. నేను ఇవాళే ఇంటికి వెళ్తున్నాను. కిందికి బస్సెప్పుడండీ?"

"పదకొండున్నరకి," అన్నాడు గుమాస్తా.

ఆయన ఆవిణ్ణీ, సంతకం లేని ఫారాన్నీ, మళ్ళీ ఆవిణ్ణీ చూశాడు. "మరి మధ్యాహ్నం నా భోజనం?"

ముప్పై రెండేళ్ళలో అది ఎన్నోసారో. కానీ ఆ ప్రశ్నకి జవాబు తనే చెప్పాలని, మొదటిసారి, ఆవిడకి అనిపించలేదు.