ఆరంకెల దగ్గర ఆగిన చూపు

పెళ్ళికార్డులు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఎవరికైనా డబ్బు పంపాలంటే మొగుడూపెళ్ళాలిద్దరూ కావాలి. లోపలి గదిలో కంప్యూటర్ ముందు ఆవిడ, బయట మిషన్ దగ్గర ఫోనుతో ఆయన. బ్యాంకు పంపిన ఆరంకెల ఓటీపీని ఆయన మిషన్ మోతను మించి అరుస్తాడు, ఆవిడ టకటకా కొడుతుంది. పదేళ్ళుగా ఇదే తంతు. ఇంతకు మించిన జాగ్రత్త ఏముంటుందని ఇద్దరికీ గర్వం కూడాను.

ఆ ఉదయం కటింగ్ మిషన్ కింద, ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండర్ బాబాయి చెయ్యి పడింది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేస్తే తెగిన రెండు వేళ్ళూ నిలుస్తాయన్నారు ఆసుపత్రివాళ్ళు. ముందు అడ్వాన్సు కట్టమన్నారు. ప్రెస్సు ఖాతాలో ఉన్నదంతా ఊడ్చి ఆవిడ పంపింది. మిషన్లు ఆగిపోయి ఉన్నా ఆయన అలవాటు కొద్దీ ఆరంకెలూ అరిచాడు. తెర మీద ఆసుపత్రి పేరు, పక్కనే పచ్చటి టిక్కు.

రెండు గంటలైనా డబ్బు అందలేదని ఆసుపత్రి నుంచి ఫోను. ఆవిడ మళ్ళీ తెర చూసింది. అంతా సవ్యంగానే ఉంది. అయినా బ్యాంకుకు ఫోన్ చేసింది.

“మీ బ్రౌజర్లో ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా మేడమ్?” అనడిగాడు ఉద్యోగి.

“ఫాంట్లు మార్చేది ఒకటి. ఉచితమంటేనూ.”

“అదే కొంప ముంచింది. మీరు కొట్టిన ఖాతా నంబరును లోపల మార్చేసి, మీకు మాత్రం మీరు కొట్టిందే చూపిస్తుంది. మా మెసేజ్‌లో డబ్బు ఎవరికి వెళ్తుందో ఓటీపీ కిందే ఉంటుంది, చదవలేదా? మీ ఖాతా ఆపేస్తున్నాను. ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి, పాస్‌వర్డు వేరే ఫోన్లోంచి మార్చండి. వెళ్ళింది మాత్రం ఇవాళ తిరిగి రాదు.”

ఆయన మెసేజ్ తెరిచాడు. అంకెల కింద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు.

“నువ్వు అంకెలేగా అడిగేదానివి,” అన్నాడు ఆవిడతో.

ఆవిడకు కోపం రాలేదు, సిగ్గేసింది. కార్డుల మీద అక్షరాలకు సొగసు కావాలని మురిసింది తనే మరి.

“బాబాయి వాళ్ళతో బ్యాంకు పొరపాటని చెబుదాం,” అన్నాడాయన.

“వద్దు. జరిగింది నేనే చెబుతాను.”

దారిలో అప్పు కోసం ఇద్దరికి ఫోన్ చేస్తే ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు రేపు చూద్దామన్నారు. ఆసుపత్రి వరండాలో బైండర్ భార్య బెంచీ చివర ఒదిగి కూర్చుని ఉంది. ఆవిడ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని ఫాంట్లూ, మెసేజూ, చదవని పేరూ ఒక్కటీ దాచకుండా చెప్పింది. బైండర్ భార్య అడ్డు రాకుండా విన్నది.

“అవన్నీ నాకేం తెలుసమ్మాయ్. మీ బాబాయి వేళ్ళు ఉంటాయా, పోతాయా? అదొక్కటి చెప్పు.”

“తెలీదు పిన్నీ,” అంది ఆవిడ. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చినట్టయింది.