సోమ, గురువారాలు

ఆరు బొత్తాలు, రెండు బూట్లు, ఒక జడ. ఇదంతా మూడు నిమిషాల్లో అయిపోవాలి. నాలుగో నిమిషానికి స్కూలు బస్సు వీధి మలుపులో హారన్ కొడుతుంది. ఆమె చేతులు కూతురి ఒంటి మీద పరుగులు తీస్తుంటే, కూతురు గోడ మీది బల్లితో ఏవో సంప్రదింపులు జరుపుతూ నిలబడి ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కనుక ఇంటా బయటా అందరూ పిచ్చుక అంటారు. దాని చేతులు మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు రెండు పక్కలా ఊరికే వేలాడుతుంటాయి.

మూడు వారాల కిందట స్కూలు టీచరు ఆమెను పిలిపించి మాట్లాడింది. “పాపకు తెలివికేం లోటు లేదండీ. నోటితో అడిగితే క్లాసులో అందరికన్నా ముందు చెబుతుంది. రాయమంటే మాత్రం పెన్సిలు పట్టు కుదరదు, రెండు వాక్యాలకే వేళ్ళు నొప్పి అంటుంది. పై తరగతిలో రాత ఎక్కువ, ఇబ్బంది పడుతుంది. ఇప్పుడే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించండి. చేతిపనులు, రోజూ చేసుకునే పనులు పిల్లలకు దగ్గరుండి నేర్పిస్తారు.” అంత పొడుగు పేరు మర్చిపోతానేమోనని ఆమె పెన్ను తీసి అరచేతి మీద రాసుకుంది. బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఆ అరచేతినే చూసుకుంది.

“ఈ ఊళ్ళో అలాంటివాళ్ళెవరుంటారు?” అన్నాడు భర్త ఆ సాయంత్రం. “పక్క ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. వారానికి రెండుసార్లంటే కుదిరే పని కాదు. నువ్వు ఉద్యోగం మానేస్తే సరిపోతుంది.” కిటికీ మూసెయ్యి, గాలొస్తోంది అన్నంత తేలిగ్గా అన్నాడు ఆ మాట. పేపరు చదువుతున్న అత్తగారు తల పైకెత్తకుండానే అందుకుంది. “ఆ డిపోలో నువ్వు లేకపోతే బస్సులాగిపోతాయా ఏంటమ్మాయ్.”

నిజానికి ఆగిపోతాయి. నూట ఇరవైమంది డ్రైవర్లకు ఎవరు ఏ బండి, ఏ వేళకు ఎక్కాలో చార్టు వేసేది ఆమే. ఎవరి అల్లుడికి జ్వరం, ఎవరికి తెల్లవారుజామున కళ్ళు సరిగా ఆనవు, ఏ ఇద్దరిని ఒకే రూట్లో వేస్తే పేచీ పెట్టుకుంటారు, అన్నీ తలలో పెట్టుకుని ప్రతి శనివారం ఆ చిక్కుముడి విప్పుతుంది. అందులో ఒక్క పేరు తారుమారైతే తెల్లవారి మొదటి బండి షెడ్డు దాటదు. ఆ పనంటే ఆమెకు ఇష్టం. జీతం కోసం మొదలుపెట్టిన మాట నిజమే గానీ, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తనకు తాను పూర్తిగా దొరికినట్టుంటుంది. ఇదంతా అత్తగారికి మనసులోనే చెప్పుకుంది. పైకి మాత్రం, “నెలాఖరు దాకా వెతుకుతాను, ఊళ్ళోనే ఎవరైనా దొరకొచ్చు” అంది. “దొరికితే మంచిదే” అన్నాడు భర్త ఉదారంగా. “దొరక్కపోతే మాత్రం ఒకటో తారీఖు నుంచి మానేసెయ్. పిల్ల కన్నా ఎక్కువేం కాదు కదా.”

పిల్ల కన్నా ఎక్కువ కాదన్న మాట ఎంత నిజమో, అది ఎప్పుడూ తన ఒక్కదాని ఉద్యోగానికే వర్తించడం అంత వింత అనుకుంది. అనుకుని మధ్యాహ్నం భోజనాల వేళ వెతకడం మొదలుపెట్టింది, ఒక చేతిలో చెంచా, మరో చేతిలో ఫోను. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమే కనుక కాబోలు, మొదట తగిలిన నంబరు ఉద్యోగాలిప్పించే ఆఫీసుది, పాపకు ఏడేళ్ళని తెలిశాక వాళ్ళు చాలా మర్యాదగా పెట్టేశారు. రెండోవాళ్ళు ముసలివాళ్ళ మోకాళ్ళు తప్ప ఇంకేమీ ముట్టుకోం అన్నారు. మూడో నంబరు నిజంగానే థెరపిస్టుది, కాకపోతే అతను మకాం మార్చి రెండేళ్ళయిందట. ఆ సంగతి వాళ్ళమ్మ చెప్పింది, చెప్పి ఊరుకోకుండా కోడలి వంట గురించి అరగంట మాట్లాడింది. ఆమె అన్నం చల్లారిపోయింది గానీ, ఆ కోడలి మీద మాత్రం చెప్పలేనంత అభిమానం కలిగింది.

ఇంటికెళ్ళగానే భర్త “దొరికారా?” అనేవాడు, పోయిన గొడుగు గురించి అడిగినట్టు. ఆయన వెతకడమంటే అడగడం. అత్తగారికైతే ఈ వెతుకులాటే హాస్యాస్పదం. “మా వాడికి ఎనిమిదేళ్ళొచ్చేదాకా నేనే బొత్తాలు పెట్టాను. ఏమైంది, పెద్దాఫీసరు కాలేదా?” అంది ఒకరోజు. సరిగ్గా ఆ క్షణానే బాత్రూములోంచి “తువ్వాలు” అని పెద్దాఫీసరుగారి కేక వినిపించింది. ఆమె నవ్వు బయటపడకుండా గబగబా వెళ్ళి తువ్వాలు అందించింది. రేపు పిచ్చుకకూ ఒకరు తువ్వాలు అందించాలా అన్న ఆలోచన వచ్చింది. ఆడపిల్ల కనుక ఎవరూ అందించరు. అదీ తెలుసు.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి. డిపోలో వచ్చే వారం చార్టు ముందేసుకుని కూర్చుంటే బాబాయ్ వచ్చాడు. అందరిలోకీ పెద్ద డ్రైవరు, మేనేజరు కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. రెండు నెలల కిందట బస్సు తలుపులో కుడిచేతి వేళ్ళు పడి నలిగిపోయాయి. అప్పటినుంచి ఆమె ఆయనకు బండి ఇవ్వకుండా షెడ్డు పనులే వేస్తోంది, సోమ, గురువారాలు పొద్దుటి పూట అవీ వేయడం లేదు.

“అమ్మా, ఇంక నాకు పొద్దుటి బండి వేసెయ్యి. చెయ్యి బాగైపోయింది” అని టేబుల్ మీది గుండుసూది ఒకటి రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. “రెండు నెలల కింద గ్లాసు పట్టుకోలేకపోయాను, నీకు తెలుసుగా.”

“ఏ డాక్టరు చూశాడు బాబాయ్?”

“డాక్టరు కాదమ్మా. అదేదో థెరపీ. కాగితం తెచ్చిస్తే నువ్వే కదా ఫైల్లో పెట్టావు.”

ఆమె లేచి ఫైలు తీసింది. ఎనిమిది వారాలు, ఎనిమిది కాగితాలు. ప్రతిదాని కింద తన సంతకమే, నీటుగా, తారీఖుతో సహా. ప్రతిదాని పైనా అచ్చులో అదే పేరు, మూడు వారాలుగా తాను ఊరంతా ఫోన్లు చేసి అడుగుతున్న ఆ పొడుగు పేరు. దాని కింద చిరునామా: డిపో వెనక సందు, టైలరు షాపు మేడ మీద. తన కిటికీలోంచి మెడ కాస్త సాచితే ఆ మేడ మీద ఆరేసిన నీలం తెర కనిపిస్తుంది. వచ్చిన కాగితంలో తారీఖు, వేళ తప్ప మూడో సంగతి చూడని తన అలవాటును తానే తిట్టుకుంది.

“అక్కడ పిల్లలకు కూడా చేస్తారా బాబాయ్?” అంది, గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“నేను పోయేసరికి మెట్ల నిండా పిల్లలేనమ్మా. ఆవిడ వాళ్ళచేత పిండి పిసికిస్తుంది. నన్నూ వదల్లేదు, నాచేతా పిసికించింది.”

ఆమె కుర్చీలో కూలబడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. బాబాయ్ కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు, కుడిచేత్తోనే.

ఆ సాయంత్రమే పిచ్చుకను తీసుకుని ఆ మేడ మెట్లెక్కింది. గది నిండా బకెట్లు. ఒకదాంట్లో బట్టలకు పెట్టే క్లిప్పులు, ఒకదాంట్లో పూసలు, ఒకదాంట్లో తడిగుడ్డ కప్పిన పిండి ముద్ద. తెల్లజుట్టు, పెద్ద గొంతు ఉన్న ఆవిడను పిల్లలు పిండి టీచరంటారట. ఆవిడ పిచ్చుకకు పెద్ద పెద్ద బొత్తాలున్న కోటొకటి ఇచ్చి, “తొడుక్కో” అంది. పిచ్చుక తొడుక్కుంది. బొత్తం దగ్గర వేళ్ళు తడబడ్డాయి. తల్లి చెయ్యి ముందుకెళ్ళింది.

“అమ్మా, చెయ్యి” అంది పిండి టీచరు. ఆమె వెనక్కి తీసుకుంది. అర నిమిషంలో మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తీసుకుంది. మూడోసారి తన చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో కూడా ఆమెకు తెలియలేదు. “చేతుల మీద కూర్చోండి” అంది ఆవిడ. ఆమె నిజంగానే రెండు అరచేతులూ కింద పెట్టుకుని కూర్చుంది. అది చూసి పిచ్చుక కిచకిచా నవ్వింది, నవ్వి మళ్ళీ పనిలో పడింది. ఏడు నిమిషాలు పట్టింది. ఒక్క బొత్తం, అదీ తప్పు కాజాలోకి. కానీ పిచ్చుక మొహం రాజ్యం గెలిచినట్టు వెలిగిపోయింది. ఆమెకు సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇన్నాళ్ళూ దీనికి అడ్డం పడింది నేనేనా అనిపించింది.

ఆవిడ ఆ మొహం చదివేసింది. “మీ తప్పేం లేదు. ఇంట్లో పనులన్నీ ఒక్కరి మీద పడితే ఆ ఒక్కరికి ఆగే తీరికుండదు. మీ చేతులకు తొందర అలవాటైపోయింది, ఇప్పట్లో మానవు. అందుకే నాదొక పద్ధతి. బిడ్డ పనులన్నీ ఎవరు చేస్తారో వాళ్ళను మొదటి మూడు నెలలు లోపలికి రానివ్వను. ఇంట్లో రెండోవాళ్ళు రావాలి, ఇక్కడ చూసింది ఇంట్లో వాళ్ళే చేయించాలి. పాపకు ఇంకెవరున్నారు?”

“వాళ్ళ నాన్న.”

“ఆయనకు తొందరెక్కువా?”

ఆమె ఆలోచించింది. ఒక కప్పు టీ నలభై నిమిషాలు తాగే మనిషి కళ్ళ ముందు మెదిలాడు. “లేదండీ. ఇంటి పని దగ్గర తొందరన్నది ఆయనకు బొత్తిగా లేదు.”

“అయితే అతికినట్టు సరిపోతారు” అంది పిండి టీచరు, కాగితం మీద రాసుకుంటూ. “సోమ, గురువారాలు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది.”

ఇంట్లో ఆ వార్త విని భర్త మురిసిపోయాడు. “దొరుకుతారని నేననుకుంటూనే ఉన్నాను” అన్నాడు. “అయితే సోమ, గురువారాలు నువ్వు డిపోకి ఆలస్యంగా వెళ్తానని చెప్పు.”

“నన్ను రానివ్వరట.”

“రానివ్వకపోవడమేంటి, తల్లివి కదా.”

“తల్లిననే రానివ్వరట. మీరు రావాలి. గంట అయ్యాక మీరే స్కూల్లో దింపాలి.”

అత్తగారి పేపరు మొదటిసారి కిందికి దిగింది. “మగాడు ఆఫీసు మానుకుని పిండి పిసుకుతాడా?” అంది అత్తగారు. “నాన్నకు పిసకడం రాదు నానమ్మా, నేను నేర్పిస్తాలే” అంది పిచ్చుక. భర్త ఒకసారి తల్లి వంక, ఒకసారి కూతురి వంక చూశాడు. “ఆఫీసులో ఏమంటారో” అన్నాడు. ఆ గంటసేపు మీరు లేకపోతే ఆఫీసు ఆగిపోతుందా అనబోయి, అత్తగారి మాట అత్తగారికే వదిలేసింది. “అడిగి చూడండి” అంది అంతే. గొంతు హెచ్చలేదు, కోపం కూడా రాలేదు. వారం చార్టులో పేరు వేసేశాక డ్రైవర్లతో మాట్లాడే గొంతది. ఇన్నాళ్ళూ దాన్ని డిపోలోనే వదిలి ఇంటికి ఎందుకొస్తోందో ఆమెకు అర్థం కాలేదు.

సోమవారం ఎనిమిదింపావుకు ఆమె డిపోలో తన కుర్చీలో ఉంది. ఫోను మోగింది.

“ఇదిగో, ఇక్కడేదో కాగితం నింపమన్నారు” అన్నాడు భర్త, గొంతు తగ్గించి. “పాపది ఏ చేతివాటం అని ఉంది. ఏం రాయను?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. ఏడేళ్ళుగా అన్ని జవాబులూ అలాగే వస్తున్నాయి, బూట్ల సైజు, టీకా తారీఖు, సాక్సులున్న అర. ఈసారి ఆమె దాన్ని మింగేసింది.

“పక్కనే ఉంది కదండీ. చూసి రాయండి.”

అటునుంచి పూసల చప్పుడు, పిచ్చుక గలగలలు వినిపిస్తున్నాయి. చివరికి ఆయన గొంతు వచ్చింది, నిజంగా ఆశ్చర్యపోయిన మనిషి గొంతు. “ఎడమచెయ్యి. అన్నీ ఎడమచేత్తోనే తీస్తోంది. ఇది ఎప్పట్నుంచి?”

“దాన్నే అడగండి” అని ఫోను పెట్టేసింది.