కడిగిన టీ ఆకు

“తేనె వేడి చేస్తే విషమైపోతాదంటారు గదే. ఆ పెద్దాయన మనింట్లో తాగి, పోతా పోతా బస్సులో పడిపోతే ఏం జెయ్యాల?”

ఓబులమ్మ పొయ్యి మీద ఇంకా గిన్నె కూడా పెట్టలేదు. కూతురు కిరణ్మయి గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

“అమ్మా, ప్లీజ్. ఇన్ని నెలలుగా నేను రోజూ తాగుతున్నా. పడిపోయినానా?”

“నీది పడుచు ఒళ్ళు. ఏదైనా అరిగిపోతాది.”

కిరణ్మయి ఆఫీసు ఉద్యోగం వదిలేసి, నీలగిరి నుంచి టీ ఆకు తెప్పించి, దానికి తేనె పట్టించి, నీడన ఆరబెట్టి పొట్లాలు కడుతోంది. బెంగళూరు శివారు చందాపురలో వాళ్ళుండే రెండు గదుల్లో ఎక్కడ కూర్చున్నా ఆ వాసనే. ఇవాళ కాటన్‌పేట నుంచి గురుమూర్తి వస్తున్నాడు. తాతల నాటి నుంచి టీ ఆకు టోకుగా అమ్మే ఇల్లు. ఆయనకు నచ్చితే తన అంగడిలో పెడతాడు. నచ్చకపోతే కిరణ్మయి మళ్ళీ ఆఫీసుకు పోతానని మాటిచ్చింది. ఆఫీసుకు పోతే రాత్రి షిఫ్టులకు పిల్ల ఎండిపోతుందని ఓబులమ్మ భయం. పోకపోతే ఏం తిని బతుకుతుందోనని అంతకన్నా పెద్ద భయం.

“ఆయన సర్కిల్ దగ్గర దిగి దారి తెలీక నిలబడుకోనుండాడు. పోయి పిల్చుకొస్తా. నీళ్ళు బాగా కాగినాక స్టవ్ ఆపు. ఆకు వేసి మూత పెట్టు. మూడు నాలుగు నిమిషాలాగి వడగట్టు. ఆకు వేసినాక మళ్ళీ ఉడకబెట్టొద్దు, పాలు పొయ్యొద్దు. నీ సొంత తెలివి ఏం వాడొద్దు.”

కూతురు మెట్లు దిగగానే ఓబులమ్మ కాళ్ళు ఒకచోట నిలవలేదు. బాల్కనీలోకి వెళ్ళి రోడ్డు చూసింది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ అడ్డదిడ్డం రోడ్డు పిల్ల ఎట్లా దాటుతుందో. లోపలికొచ్చి డబ్బా మూత తీసింది. నల్లటి ఆకు, వేళ్ళకు కాస్త జిగురుగా తగిలింది. జిగురంటే తేనే. కాగిన నీళ్ళలో పడితే అది వేడెక్కకుండా ఎట్లా ఉంటుంది? ముసలాయన. బీపీ ఉందో, షుగర్ ఉందో. రేపు పోలీసులొచ్చి టీ పెట్టిందెవరని అడిగితే?

అప్పుడు తోచింది. అన్నానికి బియ్యం కడగమా, పప్పు కడగమా? ఆకును జల్లెడలో పోసి కొళాయి కింద పెట్టి బాగా పిసికి కడిగింది. నీళ్ళు ఎర్రగా, కమ్మటి వాసనతో దిగిపోయాయి. తెల్లబడేదాకా వదల్లేదు. మనసు కుదుటపడింది. ఆ తర్వాత కూతురు చెప్పింది చెప్పినట్టే చేసింది.

గురుమూర్తి తెల్ల పంచెతో, భుజాన సంచితో వచ్చాడు. కుర్చీలో కూర్చుని గ్లాసు అందుకుని ముందు వాసన చూశాడు. కనుబొమలు ముడిచాడు. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

“కిరణా, ఫోన్‌లో ఏమేమో చెప్తివి గదమ్మా. ఇది గ్లాసు కడిగిన నీళ్ళ మాదిరి ఉండాది.”

కిరణ్మయి తన గ్లాసు వాసన చూసింది. వంటగదిలోకి పోయి తడి జల్లెడతో తిరిగొచ్చింది.

“అమ్మా, ఏం చేసినావ్?”

“కడిగినా,” అంది ఓబులమ్మ. “తేనె పోవాలని. అప్పా, తప్పు నాది. పిల్ల చేసిన ఆకులో తప్పు లేదు.”

గురుమూర్తికి దగ్గొచ్చేంత నవ్వొచ్చింది. “టీ ఆకు కడిగిన తల్లిని నేనిప్పుడే చూసేది. పోయి ఇంకోసారి పెట్టమ్మా. స్వల్ప తొందరగా, నాకు ఆనేకల్‌లో పని ఉండాది.”

ఈసారి కిరణ్మయే పెట్టింది. మూత తీయగానే వాసన బాల్కనీదాకా పాకింది. గురుమూర్తి తాగి కళ్ళు మూసుకున్నాడు. కానీ ఏమీ తేల్చలేదు. ఓబులమ్మ వైపు తిరిగాడు.

“నువ్వెప్పుడైనా తాగినావా అక్కా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నా అంగడికొచ్చే ఆడోళ్ళంతా నీ మాదిరోళ్ళే. తేనె వేడైతే ఏమైతాదోనని మొదట అడిగేది వాళ్ళే. చేసినామె తల్లే తాగలేదంటే నేనేం మొహం పెట్టుకొని అమ్మేది? నువ్వు తాగి బాగుందంటే వచ్చే వారం ఆటో పంపిస్తా. లేదంటే వద్దు.”

కిరణ్మయి గ్లాసు తెచ్చి తల్లి ముందు పెట్టింది. తాగమనలేదు. వద్దనలేదు. గోడకానుకుని నిలబడింది.

ఓబులమ్మ గ్లాసును కొంగుతో పట్టుకుంది. వేడి కొంగులోంచి తగిలింది. తనకేమైనా అయితే పిల్లనెవరు చూస్తారు? తాగకపోతే ఆ షిఫ్టులు, ఆ క్యాబులు. కళ్ళు మూసుకుని మందు మింగినట్టు ఒక గుక్క మింగింది. తర్వాత ఇంకొకటి. చక్కెర వెయ్యలేదు, అయినా చివర్లో నాలుక మీద తీపి నిలిచింది. గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుంది.

“ఎట్లుండాది అక్కా?”

కింద వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చి, అరుచుకుంటూ పోయాడు. గురుమూర్తి సంచి భుజానికి తగిలించుకున్నాడు. కిరణ్మయి తల వంచుకుంది. ఓబులమ్మ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగుతూనే ఉంది.

“బాగుండాదప్పా,” అంది చివరికి, మూతి తుడుచుకుంటూ. “ఆకు కడగొద్దని మాత్రం పొట్లం మీద పెద్దగా రాయించండి. నా మాదిరోళ్ళు చానామంది ఉండారు.”