వైష్ణవి వద్దన్న వాలు

గద్వాల స్టేషన్లో రైలు దిగిన వైష్ణవి, తండ్రి చేతిలో బంతిపూల దండ చూసి ఉన్నచోటే ఆగిపోయింది.

"నాకెయ్యకు నాయినా. నేను శిఖరం ఎక్కలే."

కురుమూర్తి దండను మళ్లీ కవర్లో పెట్టేశాడు. డిగ్రీ చదివే తన బిడ్డ కొండలెక్కే శిక్షణకు ఎంపికై హిమాచల్ పోయిందని తమ ఊరు గట్టులో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నది అతనే. బిడ్డను బండి వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఏ దెబ్బో తగిలి దాస్తున్నదేమోనని అద్దంలో ఆమె ముఖం చూసుకుంటూ మెల్లగా నడిపాడు. చలికి బుగ్గలు పగిలి నల్లబడ్డాయి.

ఇంటికి రాగానే తల్లి జమ్ములమ్మ కూతురి చేతివేళ్లూ కాలివేళ్లూ తడిమి తడిమి చూసింది. జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టింది. వైష్ణవి ముక్క తుంచి అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?" అని అప్పుడడిగాడు కురుమూర్తి.

"నా వల్లనే అందరం వాపస్ వచ్చినం."

మెల్లగా చెప్పుకొచ్చింది. శిఖరానికి ముందు ఒక ఏటవాలు ఉంది. అంతకుముందు కురిసిన కొత్త మంచును గాలి తెచ్చి దానిమీద పోసింది. శిక్షణ ఇచ్చే సార్ అక్కడ గొయ్యి తవ్వి చూపించాడు. పైపొర గట్టిగానే ఉంది కానీ, అడుగు మంచు పంచదారలా పొడిపొడిగా రాలుతోంది. జట్టులో ఏ ఒక్కరు వద్దన్నా తిరిగిపోదామన్నాడు సార్. ఎవరూ వద్దనలేదు. వాలు మొదట్లో అడుగు పెట్టగానే కాళ్ల కింద ధుప్‌మని మంచు కుంగింది. వైష్ణవి ఉన్నచోటనే నిలబడి వద్దని అరిచింది. తనతో ఒకే గుడారంలో పడుకునే వీపనగండ్ల పిల్ల సుహాసిని, ఇంకా కొంచెమే కదనే అని బతిమాలింది. వైష్ణవి కదల్లేదు.

"తెల్లారి వేరే జట్టు గదే తొవ్వల ఎక్కింది నాయినా. ఏం కాలే. సుహాసిని అప్పటిసంది నాతోని మాట్లాడతలేదు."

కురుమూర్తికి బోధపడలేదు. "మంచంటే మెత్తగుంటది గద. మీద పడితే ఏమైతది?"

వైష్ణవి లేచి, పళ్లెంలో జొన్నలు పరిచి, వాటి మీద ఎండు రొట్టె పెట్టి, పళ్లెం ఒక పక్కకు వంచింది. రొట్టె కదల్లేదు.

"గిట్ల ఊకెనే ఉంటది. మనిషి కాలు పెడితే..." అంటూ వేలితో తట్టింది.

రొట్టె పటుక్కున విరిగి జర్రున జారింది. జమ్ములమ్మ ఉలిక్కిపడి, అది నేల పడకముందే రెండు చేతులా పట్టుకుని గుండెకు అదుముకుంది.

"అక్కడ మన చేనంత పెద్దది జారుతదమ్మా. ఆగినంక బండ లెక్క బిగుస్తది. అండ్ల ఇరుక్కుంటే వేలు గూడ కదలదు."

"మరి తెల్లారి ఎందుకు జారలే?"

"తెల్వదు నాయినా. మేం పోయినా జారకపోవునేమో." చెదిరిన జొన్నలు పళ్లెంలోకి ఎత్తింది. "నేను సరిగ్గ చేసిన్నో, ఊకెనే భయపడ్డనో. గదే తెలుస్తలేదు."

కురుమూర్తి జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మంచు సంగతి నాకేం తెల్సు బిడ్డా. భయమైంది, అందరి ముంగట భయమైందని చెప్పినవ్. నాకైతే నోరు రాకపోవు."

రొట్టె తుంచి పొడి అద్ది నోటికందించాడు. చిన్నప్పటిలా నోరు తెరిచి తింది. తింటూ ఏడ్చింది. అతను ఆపమనలేదు.

మరునాడు ఫోన్ వచ్చింది. సుహాసిని.

"నాకింకా కోపమే ఉంది. గని మా అమ్మకు అంతా చెప్తే నిన్ను జూడాలంటుంది."

కురుమూర్తే వైష్ణవిని వీపనగండ్ల తీసుకుపోయాడు. సుహాసిని తల్లి గుమ్మంలోనే వైష్ణవి రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులను కళ్లకద్దుకుంది. సుహాసిని కాసేపు గోడకానుకుని మూతి ముడుచుకుని నిలబడింది. తర్వాత తనే వచ్చి వైష్ణవి పక్కన మంచం మీద కూర్చుంది.

బయట అరుగు మీద చాయ్ తాగుతున్న కురుమూర్తికి లోపలి మాటలు వినబడుతున్నాయి. మొదట ఇద్దరూ తగువులాడుకున్నారు. తర్వాత నవ్వులు. ఆ తర్వాత గుసగుసగా, "వచ్చే ఏడు మళ్ల పోదామా?"

అతని గుండె ఝల్లుమంది. లోపలికి పోయి ఏదో అనాలనిపించి సగం లేచాడు. బిడ్డ నవ్వు మళ్లీ వినబడింది. కూర్చుని, చల్లారిన చాయ్ మెల్లగా తాగాడు.