వెండి చెయ్యి ఆగిన మాట

శుక్రవారం పొద్దు వాలకముందే బ్రైనా చిక్కుడు గింజలూ, బార్లీ, ఎముకల మాంసమూ కుండలో వేసి సన్నసెగ మీద పెట్టేస్తుంది. యూదులు శనివారం పొయ్యి జోలికి పోకూడదు గనక మర్నాడు మధ్యాహ్నం దాకా అది దానంతటదే ఉడుకుతుంది. పొద్దున్నే టోపీ పెట్టుకుని, రెండు వీధులు నడిచి, ప్రార్థన మందిరం మేడ ఎక్కి, ఆడవాళ్ల వరసలో పిట్టగోడ పక్కన తన చోట కూర్చుంటుంది. విన్నిపెగ్ పట్నం ఉత్తర పేటలో పదిహేడేళ్లుగా ఇదే వరస.

కింద పాఠకుడు జల్మన్ పవిత్ర గ్రంథం తోరా చుట్ట విప్పి ఆ వారం భాగం చదువుతాడు. తోలు మీది అక్షరాలను వేలితో తాకకూడదు. అందుకని వరస చూపడానికి జానెడు వెండి పుల్ల ఉంది. దాని కొసన చూపుడువేలు చాపిన బుల్లి పిడికిలి. అందరూ దాన్ని 'చెయ్యి' అనే అంటారు. ఆ చెయ్యి అప్పుడప్పుడూ ఏదో ఒక మాట మీద ఆగిపోయేది. ఆ మాట ఎవరిదో వాళ్లు లేచి ఒప్పుకునేదాకా కదిలేది కాదు. నోవహు ఓడ కథ చదివే వారంలో 'తలుపు' మీద ఆగితే వడ్రంగి పేసా లేచి, "నాదేలెండి, హోదెల్ పిన్ని తలుపు రేపు బిగిస్తా" అన్నాడు. కదిలింది. అందులో ఎవరికీ వింత లేదు. "చలికాలం మాత్రం కాస్త త్వరగా ఒప్పుకోండర్రా, బొగ్గు తక్కువగా ఉంది" అనేవాడు మందిరం గురువు రబ్బీ.

అది ఎలూల్, ఏడాదిలో ఆఖరి నెల. కొత్త సంవత్సరం ఇంకా రెండు వారాలే. రోజూ పొద్దున పొట్టేలు కొమ్ము ఊదుతారు, తప్పు చేసినవాడు వెళ్లి క్షమించమని అడగాల్సిన రోజులని గుర్తుచేయడానికి. ఆ శనివారం జల్మన్ రాగం మీద సాగిపోతున్నాడు.

"విడాకుల పత్రం రాసి, ఆమె చేతిలో..."

చెయ్యి ఆగింది.

జల్మన్ గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆమె చేతిలో..."

కదల్లేదు. తలలన్నీ తూర్పు గోడవైపు తిరిగాయి. అక్కడ బ్రైనా మొగుడు, బొచ్చుకోట్లు కుట్టే ఫైవల్ కూర్చుని ఉన్నాడు. ఇల్లు వదిలి తన దుకాణం మేడ మీదికి మకాం మార్చి ఆరేళ్లయింది. పత్రం మాత్రం ఇవ్వలేదు. మొగుడు తన ఇష్టంతో ఇస్తేనే అది చెల్లుతుంది. ఇవ్వనంతకాలం బ్రైనా అతని పెళ్లామే, ఇంకొకర్ని కట్టుకోను వీల్లేదు. అతను తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. అడిగినప్పుడల్లా "రేపు" అనేవాడు, అంతే.

"ఏమయ్యా ఫైవల్, ఇంట్లో నా కుండ మాడిపోతోంది!" హోదెల్ పిన్ని మేడ మీంచి కేకేసింది.

"మాడనీ పిన్నీ, రుచైనా వస్తుంది," అన్నాడెవరో కింద.

ఫైవల్ మొహం ఎర్రబడింది. "నలుగురిలో నా ఇంటి గుట్టు ఎందుకూ?"

"ఏ ఇల్లు?" బ్రైనా పిట్టగోడ మీదికి వంగి అడిగింది. "ఆరేళ్లయింది నువ్వు గడప దాటి."

"సరేలే, ఇస్తా. రేపు."

వెండి చెయ్యి చెక్కుచెదరలేదు.

"ఆ రేపు సంగతి దానికీ తెలుసు," అంది బ్రైనా. మేడంతా నవ్వింది.

ఒంటిగంటయింది. రబ్బీ చేతులెత్తేశాడు. "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇద్దరు మొండివాళ్ల మధ్య మేం ఆకలికి చావాలా?"

ఫైవల్ విసవిసా వేదిక ఎక్కి, తనే తోసేద్దామని వెండి చెయ్యి మీద వేలు పెట్టాడు. బుల్లి పిడికిలి విచ్చుకుని, అతని చూపుడువేలును పట్టుకుని మూసుకుంది. ఎంత విదిలించినా వదల్లేదు. జల్మన్ మిగతా భాగం ప్రార్థన శాలువా అంచుతో వెతుక్కుంటూ చదివి ముగించాడు.

సాయంత్రం హోదెల్ పిన్ని వచ్చి చెప్పింది. "ఊరందరికీ కోట్లు కుట్టేవాడు తన కోటు గుండీ పెట్టుకోలేక తెరుచుకునే పోయాడే! చెంచా ఎడమ చేత్తో పట్టాడు, గింజలన్నీ గడ్డంలోనే!" బ్రైనాకు నవ్వు రాలేదు. ఒకరి పట్టులో ఇరుక్కుపోవడం తనకు బాగా తెలిసిన అవస్థే.

ఆదివారం పొద్దున రబ్బీ గదిలో లేఖకుడు ఈక కలం సిరాలో ముంచాడు. ఇద్దరు సాక్షులు కూర్చున్నారు.

"నీ ఇష్టంతోనే రాయిస్తున్నావా?" అడిగాడు రబ్బీ.

ఫైవల్ వెండి చెయ్యి పట్టుకున్న వేలెత్తి చూపాడు. "దీన్ని చూసి మీరే చెప్పండి."

రబ్బీ కలం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "అయితే రాయొద్దు. బలవంతాన ఇచ్చింది చెల్లదు."

ఆరేళ్లకు చేతికందిన కూడు నోటికందకుండా పోతోంది. బ్రైనా నేరుగా ఫైవల్ దగ్గరికి నడిచి, అతని వైపు చూడకుండా, వెండి చేతికి చెప్పింది.

"నా కోసమే పట్టుకున్నావు. ఇంక చాల్లే, వదిలెయ్."

చెయ్యి వదిలేసి బల్ల మీద పడింది, వేళ్లన్నీ చాపుకుని.

ఫైవల్ వెనక తలుపు తీసే ఉంది. వేలి చుట్టూ తెల్లటి వాత. అతను దాన్ని రుద్దుకుని, కోటు గుండీలు పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. వెళ్లిపోతాడనే అనుకున్నారందరూ.

"ఒక్క రోజుకే ఇలా ఉంది," అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. తర్వాత లేఖకుడి వైపు తిరిగాడు. "రాయి."

పన్నెండు వరసలు రాసి, సిరా ఆరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఫైవల్ కుర్చీలోంచి లేవలేదు. బ్రైనా రెండు చేతులూ దోసిలి పట్టింది. అతను పత్రాన్ని అందులో వదిలాడు. "ఇదిగో, నీ చేతిలో."

ఆమె దాన్ని చంకలో పెట్టుకుంది. తీసుకున్నాక ఇచ్చినవాడికి వీపు తిప్పి రెండడుగులు వెయ్యాలి, అది వాడుక.

ఒకటి. రెండు.

"చాలమ్మా," అన్నాడు రబ్బీ.

బ్రైనా మూడో అడుగు కూడా వేసింది.