పదిహేడో ప్రశ్న

"సర్వేకి పొయ్యేది పో, పప్పు తాళింపేసి పో" అన్నాడు మా ఇంటాయన దేవా, చెప్పులేసుకుంటా.

ఆ మాటలో కోపం ఏమీ లేదు. గుడియాత్తంలో పేరున్న మేస్త్రి ఆయన. కట్టడం కాడ పనోళ్ళకి ఎట్ల పని పురమాయిస్తాడో, ఇంట్లో నాకూ అట్లే. వేలూరు కాలేజీలో ప్రజారోగ్యం చదవతానని అడిగిన రోజు కూడా ఇంతే శాంతంగా ఒప్పుకున్నాడు. చదువుకోవచ్చు, ఇంటి పని మాత్రం ఏదీ తప్పకూడదు. రెండేండ్లుగా ఏదీ తప్పలేదు. తెల్లారకముందే లేచి ఇడ్లీలు పెట్టి, కూతురు దివ్యకి జడలేసి, అత్తకి స్నానానికి బకెట్టు నీళ్ళు మోసి, కే.వి.కుప్పం మీదుగా పొయ్యే బస్సులో నిలబడే పుస్తకాలు చదివినాను. ఇంత చేసినా మెప్పు ఆయనకే. పెండ్లాన్ని చదివిస్తా ఉండాడని మా అమ్మ కూడా అల్లుడినే పొగిడింది.

ఆ ఏడు మా తరగతి పని, వేలూరులో రెండు వార్డులూ గుడియాత్తంలో రెండు వార్డులూ తిరిగి, ఆస్పత్రి, అంగన్‌వాడీ, కుళాయి, కక్కూసు ఎవరికి ఎంత దూరంలో ఉన్నాయో, ఉన్నవాటికి ఎవరు పోతున్నారో, ఎవరు పోవడం లేదో రాయడం. గుడియాత్తం నా వంతు. ఎక్కువగా కట్టడం పనోళ్ళ ఇండ్లే. మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడి, రాయాల్సొస్తే తమిళం రాసేవాళ్ళు. ఫారంలో పదిహేడో ప్రశ్న, ఇంట్లో ఆడవాళ్ళకి గర్భసంచి జబ్బులేమన్నా ఉన్నాయా అని. నేను దాన్ని పుస్తకాల తమిళంలో ఉన్నదున్నట్టు చదివేదాన్ని. ఇంటి మగాయన వాకిట్లోనే అడ్డంగా నిలబడి, మా ఆడోళ్ళకి ఏమీ లేదమ్మా అనేవాడు. వెనకాల ఇంటామె తల ఊపేది. నూటా నలభై ఇండ్లు తిరిగినాను. నూటా నలభై ఇండ్లలోనూ అదే జవాబు.

మా యోగిత మేడం కాగితాలన్నీ తిరగేసింది. తిరువలంలో పొలాలున్న ఇంటి మనిషి. తక్కువ మాట్లాడతాది. "ఇంతమంది ఇటుకలు మోసే వార్డులో ఒక్కరికి కూడా ఏమీ లేదా? నువ్వు ఎవర్ని అడిగినావు శరణ్యా?" అనింది.

నాకు జవాబు తెలుసు. నేను అడిగింది వాకిట్లో నిలబడిన మగవాళ్ళనే.

మళ్ళీ పోయినాను. ఈసారి మధ్యాన్నం పూట, కట్టడాల కాడికి. ఇటుకలూ సిమెంటు తట్టలూ మోసే ఆడకూలీల్ని మా పక్క సిత్తాళ్ళు అంటారు. వాళ్ళు అన్నం క్యారియర్లు విప్పే వేళకి పక్కన కూర్చున్నాను. ఫారం సంచిలోంచి తియ్యలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అడిగినాను.

"అక్కా, బరువెత్తినప్పుడు కింద జారినట్టు ఉంటాదా?"

ఒకామె అన్నం కలిపేది ఆపి, "జారినట్టేంది, జారే ఉండాది. గుడ్డ కట్టుకోని మోస్తా ఉండా" అనింది. ఆ మాటతో తక్కిన వాళ్ళూ నోరు విప్పినారు. కట్టడం కాడ కక్కూసు ఉండదు కాబట్టి పొద్దుగూకేదాకా నీళ్ళు తాగమన్నారు. మంట, జ్వరం మామూలే అన్నారు. వార్డు ఆస్పత్రి నాలుగింటికి మూస్తారు, మేము పని దిగేది ఆరింటికి, యాడ పొయ్యేది అన్నారు. వేలూరులో ఒక వార్డులో వారానికి రెండు సాయంత్రాలు లేడీ డాక్టరు కూర్చుంటాదనీ, అక్కడ ఆడవాళ్ళు వరసకట్టి వస్తున్నారనీ మా తరగతి పిల్ల రాసుకొచ్చిన సంగతి నాకు గుర్తొచ్చింది. రెండు ఊర్ల ఆడవాళ్ళ ఒళ్ళు ఒకటే. తేడా అంతా తలుపు తీసే వేళలోనే ఉంది.

నాలుగు రోజులకే ఈ కబురు దేవాకి చేరింది. నీ పెండ్లాం మా సైటుకొచ్చి ఆడోళ్ళని ఏందేందో అడగతా ఉండాదని తోటి మేస్త్రి ఎవరో చెప్పినాడంట. అన్నం తింటా, నా పేరు పోతాది, ఇంతటితో ఆపెయ్యి అన్నాడు. మా అత్త మునియమ్మ కూడా గొంతు కలిపింది. ఊరోళ్ళ కింది సంగతులు అడిగేదానికి కాలేజీ చదువు కావాల్నా అని. నేను రసం వడ్డించినాను. ఆపుతానని మాత్రం అనలేదు.

ఆ ఆదివారం వంటింట్లో చిక్కుడుకాయలు తుంచతా ఉంటే మునియమ్మ వచ్చి గడప కాడ నిలబడింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఊర్లో అందర్నీ అడగతా ఉండావంట. నన్ను యాల అడగలేదు?"

ఆమె గోడ వైపు చూస్తానే చెప్పింది. మూడో కాన్పయిన ఇరవయ్యో దినమే తట్ట ఎత్తిందంట. అప్పుడు మొదలైంది, పదకొండేండ్ల కింద గర్భసంచి పూర్తిగా బయటికొచ్చేసింది. మామ పోయినాడు. కొడుకు మగపిల్లోడు, వాడికెట్ల చెప్పేది? కోడలికి చెప్తే నవ్వుతాదనుకునింది.

నేను ఈ ఇంటికొచ్చి పదమూడేండ్లు. ఆమె బకెట్టు ఎత్తకపోతే అత్తరికం అనుకున్నాను. పెండ్లిళ్ళకి రాకుంటే గర్వం అనుకున్నాను. కుర్చీ అంచున ఒరిగి కూర్చుంటే, నా వంటకి మొహం తిప్పుకుంటా ఉండాదని లోలోపల రగిలినాను. ఆమె విడిగా ఉతుక్కునే గుడ్డలు తీగ మీద రోజూ చూసినాను. నూటా నలభై గడపలెక్కి అడిగినదాన్ని, నా పొయ్యి కాడ నిలబడిన మనిషిని అడగలేదు. తప్పంతా మగవాళ్ళదేనని ఎంత సులువుగా రాసుకున్నాను. లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

మంగళవారం వేలూరు ఆస్పత్రికి తీసుకపోయినాను. ఆపరేషన్ చెయ్యాల, గురువారం రమ్మన్నారు. ఆ గురువారమే దేవా కొత్త కట్టడానికి స్లాబు. స్లాబు రోజు ఇరవై మంది పనోళ్ళకి మా ఇంట్లోనే వంట.

సంగతి విని ఆయన మొహం మాడింది. అమ్మ మీద ప్రేమ లేని మనిషి కాదు. కానీ ఆయన నోటెంట వచ్చింది ఈ మాట.

"పదకొండేండ్లు ఓర్చుకునింది. ఇంకో వారం ఓర్చుకోలేదా? గురువారం వంట ఎవురు చేస్తారు?"

నేను నోరు తెరిచేలోపల మునియమ్మే అనింది. "ఓర్చుకోలేదు నాయనా. మీరెవురూ చూడలేదు, అంతే."

గురువారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కినాము. పనోళ్ళకి హోటలు సాంబారన్నం పొట్లాలొచ్చినాయి, స్లాబూ పడింది. సాయంత్రం దేవా సిమెంటు మరకల చొక్కాతోనే ఆస్పత్రికి వచ్చి, అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు.

నా నివేదిక ఆ ఆస్పత్రి వరండాలోనే రాసినాను. పదిహేడో ప్రశ్నకి పాత జవాబులు కొట్టెయ్యలేదు. పక్కనే, మగవాళ్ళు లేనప్పుడు చెప్పినవి అని ఇంకో వరస గీసినాను. మున్సిపాలిటీ వాళ్ళ ముందర చదివినప్పుడు ఒకాయన, వార్డు ఆస్పత్రి నాలుగు తర్వాత తెరిస్తే ఎవరొస్తారమ్మా అన్నాడు. వచ్చేవాళ్ళ మాటలు వాళ్ళ మాటల్లోనే చదివి వినిపించినాను. మొదట ఒక్క వార్డులో, వారానికి ఒక సాయంత్రం తెరిచి చూస్తామన్నారు. మొదటి వారం పంతొమ్మిది మంది వచ్చినారు.

తర్వాతి నెల యోగిత మేడం నన్ను పనిలోకి పిలిచింది. వేలూరులో ఇంకో ఆరు వార్డులు, వారానికి నాలుగు రోజులు. ఇంట్లో చెప్పినాను. దేవా ఈసారి నిజంగానే దిగులుగా అడిగినాడు.

"అమ్మ బరువెత్తకూడదని డాక్టరు చెప్పినాడు కదా. నువ్వు పోతే ఇంటికాడ ఎవురుంటారు?"

"రెండు రోజులు మన పక్కింటామె ఉంటానంది. తక్కిన రెండు రోజులు మీరుండండి" అన్నాను.

ఆయన నవ్వినాడు. ఆ నవ్వు అయిపొయ్యేదాకా నిలబడి, అదే మాట మళ్ళీ చెప్పినాను.